సైకిల్ భాగాలు

కృష్ణా జిల్లా బాపులపాడు మండలంలోని హనుమాన్ జంక్షన్ దగ్గర జాతీయ రహదారి నుంచి ఒక దారి ఉత్తరాన నూజివీడు మామిడి తోటల వైపు, ఇంకొకటి దక్షిణాన గుడివాడ వైపు వెళ్తాయి. ఈ దారుల్లోనే కాదు, తెలుగు పల్లెల్లో ఎక్కడైనా చాలాకాలం సైకిలంటే ఒకటే రూపం: 28 అంగుళాల చక్రాలు, కడ్డీ బ్రేకులు, వెనక క్యారియర్, రెండు కాళ్ల స్టాండు ఉన్న నల్లటి బండి. ఈ వ్యాసంలోని వివరాలు ముఖ్యంగా ఆ బండివే.

దాని మూలరూపం ఇంగ్లండులో తయారైంది. 1885లో జాన్ కెంప్ స్టార్లీ చేసిన రోవర్ సైకిల్‌లో తొక్కిన బలం చైను ద్వారా వెనక చక్రానికి చేరేది. 1888లో డన్‌లప్ గాలి టైరు వచ్చింది. మన దేశంలో అంబత్తూరులో టి.ఐ. సైకిల్స్ 1949లో, లూధియానాలో హీరో సైకిల్స్ 1956లో మొదలయ్యాయి.

భాగాలు నేర్చుకోవడానికి బలం నడిచే దారి వెంట వెళ్లడమే మేలైన పద్ధతి. పాదం పెడల్‌ను నొక్కుతుంది, పెడల్ క్రాంకును తిప్పుతుంది. క్రాంకును ఇరుసుకు బిగించేది కాటర్ పిన్ను. వేలెడంత కూడా లేని ఈ మేకు అరిగితే పెడల్ తిరిగినప్పుడల్లా టక్కుమంటుంది. చాలామంది ఆ చప్పుడు చైనుదనుకుంటారు. ఎడమ పెడల్‌కు మర ఎదురు దిశలో ఉంటుంది. ఈ సంగతి తెలియక బలంగా తిప్పితే మర చెడిపోతుంది.

క్రాంకుతో పాటు తిరిగే ముందున్న పెద్ద పళ్ల చక్రానికి సాధారణంగా 44 పళ్లు, చైను దానితో కలిపే వెనక ఫ్రీవీలుకు 18 ఉంటాయి. అంటే పెడల్ ఒక చుట్టు తిరిగితే వెనక చక్రం దాదాపు రెండున్నర చుట్లు తిరిగి, బండి అయిదు మీటర్లు దాటి పోతుంది. ఫ్రీవీలు లోపల స్ప్రింగుతో లేచి నిలిచే చిన్న ఇనుప నాలుకలుంటాయి. తొక్కేటప్పుడు అవి పళ్లలో చిక్కుకుని చక్రాన్ని తిప్పుతాయి, తొక్కడం ఆపితే జారుతూ కిరకిరమంటాయి. పెడల్ ముందుకు తిరుగుతున్నా బండి కదలకపోతే, చైను ఊడనప్పుడు, ముందుగా అనుమానించాల్సింది ఈ నాలుకలనే.

చక్రం మధ్యలో హబ్బు, చుట్టూ రిమ్ము, రెంటినీ కలిపే పుల్లలు. ముందు చక్రానికి 32, వెనక 40 పుల్లలుంటాయి. బరువులో ఎక్కువ భాగం వెనకే పడుతుంది కాబట్టే ఈ తేడా. పుల్లలు బరువును కింద నుంచి మోయవు. అన్ని వైపులకూ బిగుతుగా లాగుతూ రిమ్మును గుండ్రంగా నిలబెడతాయి. కొన్ని వదులైతే రిమ్ము బెండవుతుంది. క్యారియర్ మీద కాయల బస్తా వేసుకుని గుంతల్లో పోయే బండికి వెనక పుల్లల్ని వేలితో మీటి చూడటం ఎంతో అవసరం. బిగుతుగా ఉన్నది ఖంగుమంటుంది, వదులైనది మూగగా ఉంటుంది.

గాలి తగ్గినంత మాత్రాన పంచరే అనుకోనక్కర్లేదు. పాతకాలపు వాల్వులో సన్నని రబ్బరు గొట్టం గాలిని లోపలికి రానిచ్చి బయటికి పోనివ్వదు. అది ఎండి చీలినా టైరు కూర్చుంటుంది. వాల్వు నోటిని తడిపి చూస్తే బుడగలు చెప్తాయి.

కడ్డీ బ్రేకులో హ్యాండిల్ కింది కడ్డీలు రబ్బరు ముక్కల్ని పైకి లాగి రిమ్ము లోపలి అంచుకు ఒత్తుతాయి. వానలో తడిసిన ఇనుప రిమ్ము మీద పట్టు బాగా తగ్గుతుంది కనుక ముందుగానే నొక్కాలి. కొత్త బండ్లలో కడ్డీల బదులు తీగ వచ్చింది; రబ్బర్లు రిమ్ము పక్కల్ని పట్టుకుంటాయి.

ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడికొస్తా పథకం కింద ప్రభుత్వ బడుల ఆడపిల్లలకు సైకిళ్లు ఇచ్చింది. సైకిల్ ఎవరిచ్చినా, ఇంటి పెద్దలు దాంతోపాటు ఒక పానా కూడా పిల్ల చేతికివ్వాలి. ముందు చక్రం నట్లు, బ్రేకు రబ్బర్లు, కాటర్ పిన్ను తనే చూసుకోవడం మొదటి వారంలోనే నేర్పండి.