క్లౌడ్ గేమింగ్ కంటైనర్‌లో 'సుడో': ఎక్కడ వాడాలి, ఎక్కడ ఆగాలి

క్లౌడ్ గేమింగ్‌లో ఆట నడిచేది చేతిలోని ఫోన్‌లో కాదు, మరోచోట ఉన్న కంప్యూటర్‌లో. బొమ్మ, శబ్దం మాత్రమే నెట్ మీద తెరకు వస్తాయి. 'గేమ్స్ ఆన్ వేల్స్' వారి 'వుల్ఫ్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఇంట్లోని లైనక్స్ కంప్యూటర్‌నే ఇలా వాడుకోవచ్చు. ఆటలు డాకర్ కంటైనర్లలో, అంటే విడివిడి గదుల్లాంటి వాటిలో నడుస్తాయి. పిల్లలు 'మూన్‌లైట్' యాప్‌తో ఆడుకుంటారు.

ఆట మొరాయిస్తే చాలామంది ఇచ్చే సలహా, కమాండ్ ముందు 'సుడో' చేర్చమని. అంటే ఆ కమాండ్‌ను అడ్మినిస్ట్రేటర్ అయిన 'రూట్' హోదాలో నడపడం.

కంటైనర్ లోపలే కదా, ఏమవుతుందిలే అనుకోకూడదు. కంటైనర్ వేరే కంప్యూటర్ కాదు, అసలు కంప్యూటర్ కెర్నెల్‌నే వాడుకుంటుంది. డాకర్ మామూలు అమరికలో లోపలి రూట్‌కూ బయటి రూట్‌కూ యూజర్ నంబరు ఒక్కటే: 0. కొన్ని అధికారాలను డాకర్ కోసేస్తుంది కాబట్టే రక్షణ.

ప్రమాదం ఎక్కడ?

బయటి ఫోల్డర్‌ను కంటైనర్‌కు కలిపితే, లోపల చెరిపింది బయటా పోతుంది. ఆ ఫోల్డర్‌లో ఇంటి నిఖా ఫొటోలుంటే అవీ పోయినట్టే. సుడోతో తయారైన ఫైళ్లు రూట్ పేరున ఉండిపోతాయి. తర్వాత ఆట వాటిలో సేవ్ చేయలేక ఆగిపోవచ్చు.

'ప్రివిలేజ్డ్' అమరిక డాకర్ పెట్టిన అడ్డుగోడలను చాలావరకు తీసేస్తుంది. డాకర్ సాకెట్‌ను ఆట కంటైనర్‌కు ఇస్తే మొత్తం కంప్యూటర్ తాళంచెవి ఇచ్చినట్టే. వుల్ఫ్‌కు అది అవసరం, ఆటలకు కాదు.

జాగ్రత్తలు

- 'హోస్ట్‌నేమ్' కొట్టి, ఉన్నది లోపలో బయటో ముందు చూసుకోవాలి.
- సేవ్ ఫైళ్ల కాపీ వేరే డిస్క్‌లో ఉంచాలి.
- ఆటల ఫోల్డర్‌ను మాత్రమే కలపాలి. ఫొటోల్లాంటివి తప్పనిసరైతే 'రీడ్ ఓన్లీ'గా ఇవ్వాలి.
- అర్థం కాని కమాండ్‌ను కాపీ చేసి సుడోతో నడపొద్దు.
- పని ఒక్క కమాండ్‌తో ముగించాలి, రూట్ షెల్ తెరిచి వదిలేయొద్దు.
- సుడో పాస్‌వర్డ్ పెద్దల దగ్గరే ఉండాలి.

లోపల సుడోతో ఎక్కించిన ప్రోగ్రాములు కంటైనర్‌ను తీసేసి కొత్తది చేస్తే ఉండవు. శాశ్వతంగా కావాలంటే వాటిని ఇమేజ్‌లోనే, అంటే డాకర్‌ఫైల్‌లో రాసుకోవాలి. అలా చేస్తే మళ్లీ మళ్లీ సుడో వాడే అవసరమే తగ్గుతుంది.