బొమ్మను మోసే తీగ – దాని చరిత్ర

ఇంటిలో టెలివిజను అమర్చుకొనువారు తెర వెడల్పును గూర్చి ఎంతో విచారిస్తారు. ఆ తెరకు బొమ్మను తెచ్చియిచ్చే తీగ విషయములో మాత్రము దుకాణదారు మాటనే నమ్ముతారు. "ఇది బంగారు పూత గలది, దీనితో బొమ్మ నిగనిగలాడుతుంది" అని అతడంటే నాలుగింతల వెల యిచ్చి తెచ్చుకుంటారు. ఆ మాటలో నిజమెంత? జవాబు కావలెనంటే ముందుగా అట్లాంటిక్ సముద్రపు అడుగున వేసిన ఒక తీగ కథ తెలుసుకోవాలి.

సముద్రగర్భములో గుణపాఠము

1858 ఆగస్టులో ఐర్లాండుకు, న్యూఫౌండ్లాండుకు నడుమ తంతితీగ వేసినారు. ఆ నెల 16వ తేదీన విక్టోరియా రాణి అమెరికా అధ్యక్షునికి 98 మాటల సందేశము పంపినది. అది చేరుటకు 16 గంటలు పట్టినది. అనగా ఒక్కొక్క మాటకు దాదాపు పది నిమిషములు!

కారణమేమి? లోపల రాగి, వెలుపల ఉప్పునీరు, నడుమ గట్టాపెర్చా అనే బంధకము. ఈ మూడును కలిసి ఒక మహా లైడెన్ జాడీ వలె పనిచేసినవి. ఒక చివర నిచ్చిన విద్యుత్తు ముందుగా ఈ జాడీని నింపి, ఆ తరువాతనే రెండవ చివరను చేరాలి. అందువల్ల చురుకైన సంకేతములు చదునై ఒకదానిలో ఒకటి కలిసిపోయినవి.

గ్లాస్గో ఆచార్యుడు విలియం థామ్సన్ (తరువాత కెల్విన్ ప్రభువు) దీనిని ముందే లెక్కగట్టినాడు. పొడవు రెట్టింపైతే ఆలస్యము నాలుగింతలగును. కనుక రాగి లావుగా, బంధకము దళసరిగా ఉండాలి అన్నాడు. కంపెనీ విద్యుత్ నిపుణుడు వైట్‌హౌస్ ఈ సూత్రమును ఒప్పుకొనలేదు. సంకేతము నీరసించగా అతడు సుమారు 2000 వోల్టుల ఒత్తిడిని ప్రయోగించినాడు. అసలే లోపములున్న బంధకము తట్టుకొనలేదు. కొద్ది వారములలోనే తీగ మూగబోయినది. 1866లో థామ్సన్ చెప్పినట్లు దాదాపు మూడు రెట్ల రాగితో చేసిన తీగ నిలిచినది. నిమిషమునకు ఆరు, ఎనిమిది మాటలు మోసినది. గెలిచినది ఒత్తిడి కాదు, కొలత.

ఒకే అక్షము, రెండు వాహకములు

తంతికి సెకనుకు కొద్ది స్పందనములు చాలును. మన దేశపు 625 గీతల టెలివిజను బొమ్మకో, సుమారు 50 లక్షల హెర్ట్జుల వరకు పౌనఃపున్యములు కావాలి. అంతటి వేగములో విద్యుత్ప్రవాహము రాగి లోతునకు పోదు, 0.03 మిల్లీమీటరు మేర పైపొరలోనే పారుతుంది. సాధారణమైన జంటతీగ తన శక్తిని గాలిలోనికి వెదజల్లుతుంది, బయటి రొదను లోనికి తెచ్చుకుంటుంది.

దీనికి విరుగుడు ఏకాక్షతీగ, అనగా నడుమ ఒక తీగ, దాని చుట్టును గొట్టము వంటి మరొక వాహకము. ఇట్టి తీగకు ఆలివర్ హెవిసైడ్ 1880లోనే ఇంగ్లండులో పేటెంటు పొందినాడు. 1929లో అమెరికాలో ఎస్పెన్‌షీడ్, ఆఫెల్ అను ఇంజనీర్లు దీనిని విశాలమైన పౌనఃపున్యములకు తగినట్లు రూపొందించినారు. 1936లో న్యూయార్కు–ఫిలడెల్ఫియాల నడుమ ప్రయోగాత్మకముగా వేసిన తీగపై మరుసటి ఏడు టెలివిజను బొమ్మలు పయనించినవి. 1933లో ఇంగ్లండులో కనుగొనిన పాలిథీను గట్టాపెర్చా స్థానమును ఆక్రమించినది.

75 ఓములు ఎందుకు?

గాలిని బంధకముగా గల ఏకాక్షతీగలో, వెలుపలి గొట్టము వ్యాసము లోపలి తీగకు సుమారు 3.6 రెట్లున్నప్పుడు సంకేతము అతి తక్కువగా క్షీణిస్తుంది. అప్పుడు దాని లక్షణావరోధము 77 ఓములు. టెలివిజను తీగలకు స్థిరపడిన 75 ఓములు దీనికి చేరువలోనివే.

తీగ అవరోధము, రెండు చివరలనున్న పరికరముల అవరోధము కలియకున్న, గోడకు తగిలిన బంతివలె సంకేతము వెనుదిరుగుతుంది. 30 మీటర్ల తీగలో అది ఒకసారి వెనుకకు పోయి మరల వచ్చుటకు 60 మీటర్లు అదనముగా నడవాలి. పాలిథీను తీగలో వేగము సెకనుకు సుమారు 20 కోట్ల మీటర్లు. కనుక ఆలస్యము 0.3 మైక్రోసెకను. ఒక గీత గీయుటకు 52 మైక్రోసెకనులు. 50 సెంటీమీటర్ల తెరపై అసలు బొమ్మకు సుమారు 3 మిల్లీమీటర్ల ప్రక్కన మరొక నీడబొమ్మ! 1977లో హైదరాబాదులో టెలివిజను ప్రారంభమైన తరువాత, 300 ఓముల పట్టీతీగను 75 ఓముల సెట్టుకు కలుపుటకు నడుమ చిన్న ట్రాన్స్‌ఫార్మరు పెట్టినది ఇందుకే.

అంకెల తీగ

నేటి హై డెఫినిషను తీగలో బొమ్మ అంకెలుగా వస్తుంది. 2002 డిసెంబరులో వెలువడిన హెచ్‌డిఎంఐ పద్ధతిలో బొమ్మను మెలివేసిన మూడు జంటలు మోస్తాయి. 1920 × 1080 బిందువుల బొమ్మ సెకనుకు 60 మారులు రావలెనంటే ఒక్కొక్క జంటపై సెకనుకు 148.5 కోట్ల ద్విసంఖ్యాంకములు పరుగెత్తాలి.

సెట్టు చేయవలసినది ఒక్కటే: ఇది సున్నయా, ఒకటియా అని తేల్చుట. పొరపాటు లేకుండ తేల్చగలిగినంతవరకు చవక తీగ బొమ్మకు, ఖరీదైన తీగ బొమ్మకు భేదమే ఉండదు. తేల్చలేనప్పుడు తెరపై మెరుపు చుక్కలు పుడతాయి. చివరకు బొమ్మయే పోతుంది. రంగు కొంచెము వెలియుట, కొంచెము మెరుగగుట అనునది ఇక్కడ లేదు. బంగారు పూత కొసలకు తుప్పు పట్టనీయదు, అంతే. వాహకతలో బంగారము రాగికంటె తక్కువది.

కావున కొనునప్పుడు అడుగవలసినవి రెండు: పొడవెంత, ఏ తరగతి? 1080 గీతల బొమ్మకు "హై స్పీడ్" అను ముద్ర చాలును. 3840 × 2160 బిందువుల బొమ్మ సెకనుకు 60 మారులు కావలెనంటే సెకనుకు 1,800 కోట్ల అంకములకు పరీక్షించిన "ప్రీమియం హై స్పీడ్" తీగ కావాలి. రెండు మీటర్లకు ఏ మంచి రాగితీగయైనను సరిపోతుంది. గది దాటి చాలా దూరము పోవలెనంటే రాగి అలసిపోతుంది. గాజుతంతువు తీగను వెదకాలి.

ఉపాధ్యాయులు తరగతిలో ఒక తాడును కిటికీ కమ్మికి కట్టి విదిలించి చూపవచ్చును. అల వెనుదిరుగుట పిల్లలకు కంటికే కనబడుతుంది. అది చూచిన పిల్లవాడు రేపు దుకాణములో తీగ వెలను కాక, దాని కొలతను అడుగుతాడు. 1858లో ఆ కొలతను తోసిపుచ్చినందుకే ఒక సముద్రపు తీగ నాశనమైనది.