సాంభర్ ఉప్పు ఎక్కడిది?

రాజస్థాన్‌లో జైపూర్‌కు పడమట, సముద్రం జాడే లేని చోట సాంభర్ సరస్సు ఉంది. శాకంభరీదేవి అక్కడి అడవిని వెండి మైదానం చేసిందనీ, ఆ వెండి కోసం కొట్లాటలు వస్తాయని భయపడిన జనం వేడుకుంటే దాన్ని ఉప్పుగా మార్చేసిందనీ స్థలపురాణం.

1909లో హాలండ్, క్రిస్టీ అనే శాస్త్రవేత్తలు మరో సంగతి చెప్పారు. వేసవిలో వీచే నైరుతి గాలి కచ్ రణ్ నుంచి ఉప్పుధూళిని ఇంతదూరం మోసుకొస్తోందన్నారు. అందమైన ఊహే. కానీ తర్వాత ఐసోటోపుల పరీక్షల్లో సరస్సులోవి వాననీళ్లేనని తేలింది. ఆరావళి రాళ్లు అరిగి వదిలే లవణాలను మేంఢా, రూపన్‌గఢ్ ఏరులు తెచ్చి పోస్తాయి. పళ్లెం లాంటి ఆ పల్లం నుంచి బయటికి దారి లేదు. నీళ్లు ఆవిరవుతాయి, ఉప్పు ఉండిపోతుంది. నాకు ఈ వివరణే సబబుగా తోస్తుంది.

అయితే అసలు నిధి పైన నిలిచే నీళ్లలో లేదు, అడుగున ఉన్న బురదలో ఉంది. లీటరు మంచినీళ్లు కిలో తూగితే, చిక్కబడ్డ ఉప్పునీరు కిలో 200 గ్రాముల దాకా తూగుతుంది. అందుకే అది కిందికి దిగుతుంది. కొత్తగా వచ్చిన వాననీరు దాని మీద తేలుతుంది. ఎండాకాలం వచ్చిందంటే ప్రయాణం తలకిందులవుతుంది. దీపం వత్తి నూనెను పీల్చినట్టు సన్నటి బురద అడుగునున్న ఉప్పునీటిని పైకి లాగుతుంది. నీరు గాలిలో కలిసిపోయి, నేల మీద తెల్లటి పొర మిగులుతుంది. మన చౌడు నేలల్లో తెల్లగా పొంగేదీ ఈ తీరునే. మళ్లీ వాన పడగానే ఆ పొర కరిగి కిందికి ఇంకుతుంది.

ఈ ఉప్పు కోసమే ఆంగ్లేయులు 1870లో జైపూర్, జోధ్‌పూర్ సంస్థానాల నుంచి సరస్సును కౌలుకు తీసుకున్నారు. ఆ బేరం నడిపినవాడు సుంకాల కమిషనర్ ఎ.ఓ. హ్యూమ్; తర్వాత 1885లో కాంగ్రెస్ స్థాపనకు పూనుకున్నదీ ఆయనే. ఉప్పు పుట్టేచోటే పన్ను వసూలు చేసుకునే వీలు చిక్కాక, దొంగరవాణాను ఆపడానికి దేశానికి అడ్డంగా పెంచిన ముళ్లకంచెతో పని లేకపోయింది. 1879లో దాన్ని వదిలేశారు.

ఇప్పుడు సరస్సు గర్భంలోనే అనుమతి లేని బోర్లు దిగాయి. ఎగువన కట్టిన చెక్‌డ్యాములు ఏటి నీటిని ఆపేస్తున్నాయి. పైనుంచి రావలసిన మంచినీరు తగ్గింది, కిందనుంచి తోడే ఉప్పునీరు పెరిగింది. శీతాకాలంలో రాజహంసలు దిగే లోతులేని మడుగులు ముందుగా ఎండిపోతున్నాయి.