అట్ట మీద ఎవరి పేరు? ర్యాప్ కొత్తగా వినేవాళ్ళకి పాతబస్తీ నుంచి కొన్ని మాటలు

యూనివర్సిటీ హాస్టల్లో మాకు ర్యాప్ ఒక జాబితాగా పరిచయమయింది. ఇంగ్లీషు మీడియంలో చదివొచ్చిన ఒక మిత్రుడు, ఇవి వినకుండా హిప్‌హాప్ గురించి మాట్లాడొద్దంటూ కొన్ని ఆల్బమ్‌ల పేర్లు కాగితం మీద రాసిచ్చాడు. వారం రోజులు విన్నాం. ఒక్క ముక్క ఎక్కలేదు. ఎక్కలేదని చెప్పటానికి సిగ్గేసింది. మా ఇంట్లో యూనివర్సిటీ గడప తొక్కిన మొదటి తరం మాది కాబట్టి, అర్థంకాని ప్రతిదీ మా లోపమే అనుకోవటం మాకు అలవాటు.

ఆ కాగితాన్ని చాన్నాళ్ళ తర్వాత మళ్ళీ చూస్తే దాని లోపం కనపడింది. అందులో పేర్లున్నాయి గాని వాడలు లేవు, సంవత్సరాలు లేవు. ఎవరు, ఏ గల్లీలో, ఏ బాధ మీద ఆ పాట గట్టారో లేదు. కులం ఊసెత్తకుండా మన పల్లెల చరిత్ర రాసే పద్ధతే ఇక్కడా ఉన్నది. ర్యాప్‌కి కొత్తగా వచ్చే దళిత, బహుజన, ముస్లిం విద్యార్థి ఆల్బమ్‌ని ఒక చరిత్ర పత్రంగా ఎట్లా చదవాలో చర్చకు పెట్టటం ఈ వ్యాసం ఉద్దేశం. పాతబస్తీ నుంచే మొదలుపెడుతున్నాం. మా చెవి తయారయింది అక్కడే.

మన చెవికి ముందే తెలిసిన దరువు

లాల్ దర్వాజ బోనాలకి పోతరాజుని ఆడించేది డప్పు. తెలంగాణ పల్లెల్లో పీర్ల పండుగకి అలావా చుట్టూ జనాన్ని తిప్పేదీ డప్పే. పాతబస్తీ బరాత్ ముందు మోగేది మర్ఫా. నిజాం కొలువులో సిపాయిలుగా పనిచెయ్యటానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు, ఆఫ్రికా మూలాలున్న సిద్దీలు ఈ ఊరికి తెచ్చిన దరువు అది. అరబ్బు సిపాయిల బ్యారక్స్ జనం నోట్లో బార్కస్ అయింది. సిద్దీల ఆఫ్రికన్ కావల్రీ గార్డ్స్ పేరు, మూసీకి ఇవతల ఏ.సి. గార్డ్స్ బస్తీకి మిగిలింది. బానిసలుగా అమెరికాకి తరలించబడ్డ నల్లవాళ్ళ చరిత్రా, ఇక్కడి సిద్దీల చరిత్రా ఒకటని మేం అనటం లేదు. అయితే ఆఫ్రికా దరువు మనకి ఇంటర్నెట్‌తోనే వచ్చిందనుకోవటం మాత్రం పొరపాటు.

దరువు మీద మాట చెప్పటం కూడా మనకి కొత్త కాదు. 1906లో భాగ్యరెడ్డివర్మ హైదరాబాదులో జగన్మిత్ర మండలి పెట్టి, హరికథల ద్వారా మాల మాదిగ వాడల్లో చైతన్యం తెచ్చే పని మొదలుపెట్టాడు. పురాణం చెప్పే రూపాన్ని తీసుకుని, పురాణం బయట ఉంచిన మనుషుల మాట అందులో పెట్టటం చిన్న పని కాదు.

వర్మ పేరు మనకి మిగిలింది. డప్పు కొట్టినోళ్ళ పేర్లు, మర్ఫా వాయించినోళ్ళ పేర్లు ఎన్ని మిగిలినయి? బరాత్ ఎవరిదో శుభలేఖ మీద ఉంటది, వాయించినోడి పేరు ఉండదు. ఆల్బమ్ గురించి మాట్లాడేటప్పుడు మేం ఈ ప్రశ్న దగ్గరే నిలబడదలచుకున్నాం.

బ్రాంక్స్ అనే బస్తీ

హిప్‌హాప్ పుట్టినరోజుగా చెప్పుకునేది 1973 ఆగస్టు 11. చోటు న్యూయార్క్‌లో బ్రాంక్స్, 1520 సెడ్జ్‌విక్ అవెన్యూ. సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి స్కూలు బట్టలకి డబ్బుల కోసం తామున్న అపార్టుమెంటు కిందనే పార్టీ పెట్టింది. రికార్డులు వేసింది ఆమె అన్న డీజే కూల్ హెర్క్. వీళ్ళ కుటుంబం జమైకా నుంచి వలస వచ్చింది. ఒకే రికార్డు రెండు ప్రతులు రెండు ప్లేయర్ల మీద పెట్టి, పాటలో ఒట్టి దరువు మాత్రమే ఉండే కొన్ని క్షణాల భాగాన్ని మళ్ళీ మళ్ళీ తిప్పి సాగదీయటం హెర్క్ పనితనం. ఆ దరువు మీద మైకు పట్టుకుని మాట కలిపేవాడు ఎం.సి. అయ్యాడు.

అప్పటికి బ్రాంక్స్ పరిస్థితి ఏమిటి? 1948 నుంచి 1972 దాకా కట్టిన క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే వేల కుటుంబాలని లేపేసింది. 70లలో ఇళ్ళకి ఇళ్ళే తగలబడినయి. రోడ్డు విస్తరణ పేరిట, నది సుందరీకరణ పేరిట ఇల్లు పోతదేమోనని మూసీ ఒడ్డున భయపడేవాళ్ళకి ఈ సంగతి విడమరిచి చెప్పాల్సిన పనిలేదు.

ఏ ఆల్బమ్‌లు, ఎందుకు

మొదట 1982 నాటి 'ద మెసేజ్' వినండి. పేరుపాటలో గరీబు బస్తీ బతుకు ఉన్నదున్నట్టు వినిపిస్తది. అట్ట మీద గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ద ఫ్యూరియస్ ఫైవ్ అని ఉంటది. అయితే ఈ పాట ప్రధానంగా డ్యూక్ బూటీ, మెలీ మెల్‌ల రచన. వినపడేవి వాళ్ళ గొంతులే. డ్యూక్ బూటీ ఆ ఆరుగురిలో లేనేలేడు. పేరు ఎవరికి పోతది, పని ఎవరు చేస్తరు అన్న పేచీ ర్యాప్ తొలి రోజుల్లోనే ఉన్నదన్నమాట.

రెండోది పబ్లిక్ ఎనిమీ 1988లో తెచ్చిన ఆల్బమ్. ఒక జాతిని కోట్ల మంది కలిస్తేగాని మమ్మల్ని ఆపలేరనే అర్థం వచ్చే పొడుగాటి పేరు దానిది. పాత పాటల ముక్కలు, ఉపన్యాసాల ముక్కలు, సైరన్లు ఒకదాని మీద ఒకటి పేర్చి కట్టారు. మొదటిసారి వింటే గోల అనిపిస్తది. రెండోసారి ముక్కముక్కా విడదీసి వినండి. పారేసిన కాగితాల్లోంచి చరిత్ర ఏరుకునే పరిశోధకుడి పనే అది.

మూడు, నాజ్ 1994లో తెచ్చిన 'ఇల్‌మాటిక్'. పది ట్రాకులు, నలభై నిమిషాలు. క్వీన్స్‌బ్రిడ్జ్ అనే సర్కారీ క్వార్టర్ల పటం అందులో ఉన్నది. అప్పటికి అతనికి ఇరవయ్యేళ్ళు. ఎనిమిదో తరగతి తర్వాత బడి మానేసినవాడు. ఒక పాట చివర వాళ్ళ నాయన ఓలు దారా వాయించిన బూర వినపడతది. వృత్తి కళ ఇంట్లోంచి వచ్చినోళ్ళకి ఆ బూర ఇంకొక తీరుగా తగులుతది.

నాలుగు, టుపాక్ 1995 నాటి 'మీ అగైన్‌స్ట్ ద వరల్డ్'. అతను జైల్లో ఉండగా అమెరికా అమ్మకాల్లో మొదటి స్థానానికి పోయిన ఆల్బమ్ ఇది. తల్లి అఫేనీ షకూర్ బ్లాక్ పాంథర్ కార్యకర్త. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ పెట్టినోళ్ళకి స్ఫూర్తి ఆ పాంథర్లే కదా. తల్లి మీద కట్టిన పాట వింటే, ఉద్యమాల్లో తిరిగిన ఆడవాళ్ళ ఇంటి బతుకు ఎవరు రాశారన్న ప్రశ్న మనకీ వస్తది.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. ర్యాప్‌లో ఆడదాన్ని తిట్టుగా వాడే పాటలు చాలా ఉన్నయి. పీడితుల గొంతు కదా అని దాన్ని మాఫీ చెయ్యనక్కర లేదు. దళిత స్త్రీలు మన ఉద్యమ పాటని అడిగిన ప్రశ్నలే ఇక్కడా అడగాలె. క్వీన్ లటీఫా 1989లో తెచ్చిన 'ఆల్ హెయిల్ ద క్వీన్', లారిన్ హిల్ 1998లో తెచ్చిన 'ద మిస్‌ఎడ్యుకేషన్ ఆఫ్ లారిన్ హిల్' పక్కన పెట్టుకుని మగవాళ్ళ ఆల్బమ్‌లు వినటం మంచిది.

మన దిక్కు వచ్చేసరికి

2018 జనవరిలో చెన్నైలో పా. రంజిత్, టెన్మా కూడగట్టిన క్యాస్ట్‌లెస్ కలెక్టివ్ మొదటి కచేరీ చేసింది. ఉత్తర చెన్నై వాడల గానా, పఱై, ర్యాప్ ఒకే వేదిక మీదికొచ్చినయి. అందులోంచి వచ్చిన అరివు, ఆఫ్రోతో కలిసి 2019లో 'తెరుక్కురల్' ఆల్బమ్ తెచ్చాడు. తిరుక్కురల్‌లో మొదటి మాట తీసి తెరు, అంటే వీధి, పెట్టాడు. వీధి గొంతు అని అర్థం. తమిళం రాకపోయినా మన విద్యార్థులు ముందు వినాల్సింది ఇదేనని మా అభిప్రాయం.

2021 మార్చిలో ధీ, అరివు పాడిన 'ఎంజాయ్ ఎంజామి' వచ్చింది. రాసింది అరివు. సిలోన్ తేయాకు తోటల్లో చాకిరీ చేసిన తన అవ్వ వాళ్ళ జ్ఞాపకం దానికి మూలం. అదే ఏడు ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద ధీ ఉన్నది, షాన్ విన్సెంట్ డి పాల్ ఉన్నాడు, అరివు లేడు. పా. రంజిత్‌తో సహా చాలామంది నిలదీశారు. నలభై ఏళ్ళ కింద డ్యూక్ బూటీ పేరు అట్ట మీద లేకపోవటానికీ, దీనికీ మధ్య తేడా ఉన్నది. ఇక్కడ కులం ఉన్నది.

పాతబస్తీ పాట ఎక్కడ దాచుకుందాం

2018-19లో రుహాన్ అర్షద్ పాడిన 'మియా భాయ్' పాతబస్తీ నుంచి దేశమంతా పోయింది. కోట్ల మంది చూశారు. కులీ కుతుబ్‌షా కవిత్వం చెప్పిన దక్కనీ, సినిమాల్లో నవ్వులాటకి వాడే దక్కనీ, ఈ పాటలో తలెత్తుకుని నిలబడ్డది. 2021లో ఆయన సంగీతం మానేస్తున్నానని ప్రకటించాడు. అది ఆయన విశ్వాసం, ఆయన నిర్ణయం. తప్పొప్పులు చెప్పటం మా పని కాదు. మా దిగులు వేరే. పాతబస్తీ ర్యాప్ మాకు ఎక్కువగా ఒక్కొక్క వీడియోగానే అందింది. వీడియో తీసేస్తే పాట పోతది. బీటు ఎవరు కట్టిండ్రు, ఏ గదిలో రికార్డు చేసిండ్రు, పక్కన గొంతు కలిపినోడు ఎవరు అన్న వివరం దానికంటే ముందే పోతది.

మనం ఒకప్పుడు ఈ పని చేసుకున్నాం. 1995లో 'చిక్కనవుతున్న పాట', 1998లో 'జల్‌జలా' సంకలనాలుగా రాకపోయుంటే, దళిత కవిత్వం, ముస్లింవాద కవిత్వం పత్రికల్లో చెదిరిపోయి ఉండేవి. సంకలనం అయింది కాబట్టే అవి పాఠం అయినయి, చర్చ అయినయి. ఆల్బమ్ కూడా అటువంటి సంకలనమే.

అందుకని ర్యాప్‌కి కొత్తగా వచ్చే తమ్ముళ్ళకి, చెల్లెళ్ళకి మా సూచన ఇది. వారానికి ఒక ఆల్బమ్ పట్టుకోండి. మాటలు అచ్చులో దొరికితే ముందే పెట్టుకుని వినండి. మూడు ప్రశ్నలు నోటుబుక్కులో రాసుకోండి: ఇది ఏ వాడ? అట్ట మీద ఎవరి పేరు? ఎవరి పేరు లేదు? ఆ తర్వాత అదే నోటుబుక్కు పట్టుకుని మీ బస్తీలో మర్ఫా వాయించే పెద్దమనిషి దగ్గరికి, డప్పు కొట్టే మామ దగ్గరికి, ఫోన్లో పాట రికార్డు చేస్తున్న పదోతరగతి పిల్లగాడి దగ్గరికి పోండి. వాళ్ళు ఒప్పుకుంటే ముందు వాళ్ళ పేరు, ఊరు, తారీఖు రాసుకోండి. పాట తర్వాత వినొచ్చు.