ఏడును రెండుచే భాగించిన కథ

మహబూబునగరమున పాలమూరు విశ్వవిద్యాలయము వెలసిన 3వ సహస్రాబ్దపు ఎనిమిదవ ఏటనే, అనగా 2008 డిసెంబరులో, పైథాన్ అను కంప్యూటరు భాషకు మూడవ రూపము వచ్చినది. గిడో వాన్ రోసమ్ 1989లో ఆమ్‌స్టర్‌డామ్‌నందు ఆరంభించి, 1991లో వెలువరించిన భాష ఇది.

తొలి రూపములలో 7/2 అని వ్రాసినచో జవాబు 3 మాత్రమే వచ్చెడిది. సగటు కట్టువానికి అర మార్కు పోయెడిది. యంత్రము పల్లెత్తు మాట అనదు! 2001లో // గుర్తును చేర్చిరి. మూడవ రూపమున 7/2 అనగా 3.5, 7//2 అనగా 3. అయితే −7//2 అనగా −3 కాదు, −4. ఫలితము ఎల్లప్పుడును క్రింది పూర్ణాంకమునకే దిగును.

రెండవ రూపమునకు పోషణ 2020 జనవరి 1తో ఆగినది. పాత పుస్తకములు మాత్రము ఆగలేదు. పరీక్షకు ముందు నల్లగొండ విద్యార్థి తిరగవేయు పుస్తకములో ‘ప్రింట్’ ప్రక్కన కుండలీకరణములు లేకున్నచో, అందలి భాగహారపు జవాబులను మరల చేసి చూచుకొనవలెను.