గోడ అక్కడ, దిబ్బ ఇక్కడ

కుబ్జ విష్ణువర్ధనుడు వేంగిలో చాళుక్య రాజ్యం నిలబెట్టింది 624లోనని చరిత్రకారుల లెక్క. 2024తో దానికి 1400 ఏళ్లు నిండాయి. ఇంతకీ ఆ వేంగి ఏదని అడిగితే పెదవేగి దిబ్బలనీ, దెందులూరు భీమలింగదిబ్బనీ చూపించాలి. ఈ భీమలింగదిబ్బ కేంద్ర పురావస్తు శాఖ జాబితాలో రక్షిత స్థలం. రాతికోట కనిపించదు కాబట్టి ఇక్కడ కాపాడడానికేముందని కొందరి ప్రశ్న. కాపాడవలసింది ఆ మట్టినే.

చాళుక్యులకు ముందే వేంగినేలిన శాలంకాయన హస్తివర్మ పేరు సముద్రగుప్తుడి ప్రయాగ శాసనానికి ఎక్కింది. ఆ తర్వాత వచ్చిన విష్ణుకుండినుల్ని ఈ ఒక్క వాక్యంతో దాటేద్దాం. అసలు రుచి వేంగి చాళుక్యుల శత్రువులైన రాష్ట్రకూటుల దగ్గరుంది. వాళ్ల రాజు మూడో గోవిందుడి రాధన్‌పూర్ తామ్రశాసనం (808) ఏమంటుందంటే, వార్తాహరుడి నోట సగం మాట రాగానే వేంగీశ్వరుడు పరుగున వచ్చి, బంటులా చాకిరీ చేసి, గోవిందుడి విడిదికి ప్రాకారం కట్టాడట! ఆ గోడకు నక్షత్రాలే ముత్యాల దండ అయ్యాయట. గెలిచినవాడి కవి రాసింది కాబట్టి ఎత్తులో సగానికి సగం కోసేద్దాం. అయినా వేంగికి గోడ కట్టడం చేతకాదనుకుంటే ఈ గొప్ప చెప్పుకోవడంలో పసే ఉండదు. వేంగి వైపు జవాబూ కట్టడాల రూపంలోనే వచ్చింది. రెండో విజయాదిత్యుడు గంగులతో, రట్టలతో (అంటే రాష్ట్రకూటులతో) 12 ఏళ్లలో 108 యుద్ధాలు చేసి, 108 శివాలయాలు కట్టించాడని తూర్పు చాళుక్య శాసనాల మాట. 108 జపమాల లెక్కలా ఉందంటే కాదనలేం గానీ, పన్నెండేళ్ల పట్టుదలనూ కాదనలేం.

మరి ఇంత కట్టినవాళ్ల గోడలేవి? ఇటుక, మట్టి కట్టడాలు కూలితే దిబ్బే మిగులుతుంది. ఇంగ్లండులో నార్మన్లు కావాలని మట్టిగుట్ట పోసి దానిమీద కర్రకోట కట్టారు; అక్కడా కర్ర పోయి గుట్టే మిగిలింది, దాన్నే చట్టం కాపాడుతోంది. మనవైపు రాజధాని రాజమహేంద్రవరానికి తరలాక పాత ఊళ్లకు పట్టే గతే వేరు: ఇటుక కొత్త ఇళ్లకు, పాటిమన్ను పొలాలకు. పాటిమన్ను మంచి ఎరువు, రైతును తప్పుపట్టలేం. కానీ కుండపెంకు ఏ పొరలో దొరికిందన్నదే దాని వయసు చెబుతుంది. బండికెత్తిన పెంకు మూగది. అయితే మొత్తం తవ్వి తేల్చెయ్యొచ్చుగా అంటారా? తీసిన పొరను మళ్లీ పేర్చలేం. రేపటివాళ్ల పనిముట్లు మనకన్నా మెరుగ్గా ఉంటాయి.

ఆ తర్వాతి కథ ముక్కలు ముక్కలు. దెందులూరు మీదుగా మద్రాసు-హౌరా రైలుమార్గం, జాతీయ రహదారి, పురాతన స్థలాల రక్షణకు 1958 చట్టం, రక్షిత స్థలానికి 100 మీటర్లలోపు కొత్త కట్టడాలు కూడదన్న 2010 సవరణ, 2022లో ఈ ఊళ్లు చేరిన కొత్త ఏలూరు జిల్లా. దిబ్బ చూడబోతే, కాలికి పెంకు తగిలినా జేబులో వేసుకోకండి. ఉన్నచోటే ఉండనివ్వండి.