కుందేటి ముక్కుజబ్బు, పాశ్చరు టీకా

1879వ సంవత్సరమున పారిసు నగరమందలి తన ప్రయోగశాలలో లూయీ పాశ్చరు కోళ్ళ కలరాను గూర్చి పరిశోధన సాగించుచున్న దినములలో, తులూజు పశువైద్య కళాశాలాచార్యుడైన తూసాఁ పంపిన నమూనానుండి పెంచబడి, ఆయన గాజుబుడ్లలో మాంసరసమున వృద్ధిపొందుచుండిన ఆ సూక్ష్మజీవి కోళ్ళకు మాత్రమే శత్రువు కాదు. గినీపందికి ఎక్కించినచో అది సాధారణముగా ఒక చీముగడ్డగా నిలిచిపోయెడిది. కుందేటి కెక్కించినచో స్వల్పకాలములోనే ప్రాణము తీసెడిది. చాలకాలము గాలి సోకుచు నిలువయున్న రసమునందు ఆ జీవి తీక్ష్ణత సన్నగిల్లుననియు, అట్లు సన్నగిల్లిన దానిని పొందిన కోడి కొంచెము నలతపడి కోలుకొని, పిదప తీక్ష్ణమైన దానిని సైతము తట్టుకొనుననియు పాశ్చరు 1880లో ఫ్రెంచి విజ్ఞానపరిషత్తుకు నివేదించెను. 1796లో జెన్నరు మశూచికి టీకాగా వాడిన గోమసూరి ప్రకృతి తానై యిచ్చినది. మనుష్యుడు ప్రయోగశాలలో స్వహస్తముతో బలహీనపరచి సిద్ధముచేసిన సూక్ష్మజీవుల టీకాలలో మొదటిది ఇదియే. ఈ చరిత్రలో కోడి పేరు నిలిచినది. కుందేటి పేరు మరుగున పడినది. అట్లు మరుగుపడుట న్యాయము కాదని నా నమ్మకము.

1887లో ట్రెవిసాన్ అను ఇటలీ శాస్త్రజ్ఞుడు పాశ్చరు గౌరవార్థము ఈ సూక్ష్మజీవి చేరిన ప్రజాతికి పాశ్చురెల్లా అని నామకరణము చేసెను. అదే సంవత్సరమున పాశ్చరు ఈ సూక్ష్మజీవిని టీకాకు కాక సంహారమునకు వినియోగింప బూనుట ఈ కథలో విచిత్రమైన ఘట్టము. ఆస్ట్రేలియాలోని విక్టోరియా సీమలో, బార్వన్ పార్కు అను తన భూమియందు, వేటవినోదమునకై 1859లో థామస్ ఆస్టిన్ ఇంగ్లండునుండి తెప్పించి విడిచిన సుమారు 24 కుందేళ్ళ సంతతి, ముప్పది యేండ్లు తిరుగకమున్నే గొఱ్ఱెల బీళ్ళను మేసి మ్రోడుచేయగా, వానిని నిర్మూలించు ఉపాయము చూపినవారికి న్యూసౌత్‌వేల్సు ప్రభుత్వము 25,000 పౌనుల బహుమానము ప్రకటించెను. కోళ్ళ కలరా జీవి ఇందుకు చాలునని పాశ్చరు ఒక పత్రికకు వ్రాసెను. షాంపేను మద్యమునకు పేరొందిన రాన్సు నగరమున పొమ్మెరీ అను వర్తకురాలి నేలమాళిగలపై కుందేళ్ళు బొరియలు త్రవ్వి కప్పురాళ్ళను సడలించుచుండెను. ఆమె కోరికమీద 1887 డిసెంబరులో అచ్చటి మేతపై ఆ జీవులు కలిసిన ద్రవమును చల్లగా, కొద్దిదినములలోనే బొరియల వెలుపల కుందేళ్ళ కళేబరములు కనిపింపసాగెను.

మరుసటి యేడు పాశ్చరు భార్య సోదరి కుమారుడగు ఆద్రియెన్ లువార్ ఓడనెక్కి సిడ్నీ చేరెను. అచ్చటి రాడ్ ద్వీపమున ప్రయోగశాల వెలసెను, విచారణసంఘము కూర్చుండెను, పరీక్షలు జరిగెను. ఆ జీవులు కలిపిన మేత తిన్న కుందేళ్ళు చచ్చినవి. కాని ఆ చావు వానినుండి ప్రక్కనున్న ఆరోగ్యవంతములైన కుందేళ్ళకు ఆశించినట్లు ప్రాకలేదు. పైగా పక్షులకు ముప్పు స్పష్టముగా గోచరించెను. సంఘము ఆ యుపాయమును తిరస్కరించెను. బహుమానము ఎవ్వరికిని దక్కలేదు. లువార్ ఆ గడ్డమీదనే గొఱ్ఱెల దొమ్మరోగమునకు టీకా తయారుచేసి తన రాకను సార్థకము చేసికొనెను. సంఘము తీర్పు సరియైనదే. ఈ జీవి స్వభావము రెండు విధములని గుర్తింపవలెను: రక్తమున చొచ్చినచో మృత్యువు, ముక్కున చేరినచో చిరకాలపు కాపురము.

ఈ జీవి ముక్కున చేరి కలిగించు ముక్కుజబ్బు సోకిన కుందేటిని చేతిలోనికి తీసికొని చూడుడు. తుమ్ములు, మొదట నీరై, పిదప చిక్కనై తెల్లగా కారు చీమిడి, ముందరి కాళ్ళ లోపలివైపున బొచ్చు తడిసి, ఎండి, అట్టలుకట్టి యుండుట. ముక్కును మాటిమాటికి ఆ కాళ్ళతోనే తుడుచుకొనుటచేత ఏర్పడిన గుర్తు అది. కుందేలు ముక్కుతోనే శ్వాసించు జంతువు గనుక, నాసికలు మూసికొనిపోయిన దానికి మేత సహింపదు. వ్యాధి చెవిలోనికి ప్రాకినచో తల ఒక ప్రక్కకు ఒరిగిపోవును. ఊపిరితిత్తులకు దిగినచో ప్రాణము నిలుచుట దుర్లభము.

1920వ దశాబ్దమున న్యూయార్కులోని రాక్‌ఫెల్లరు సంస్థయందు లెస్లీ వెబ్‌స్టరు తమ ప్రయోగశాల కుందేళ్ళనే పరిశీలించి, ఈ జబ్బు వ్యాపించు తీరును గూర్చి పెక్కు వ్యాసములు ప్రకటించెను. జబ్బు లక్షణ మొక్కటియు లేని కుందేళ్ళ నాసికలలో సైతము ఈ జీవి కాపురముండుట అట్టి పరిశోధనలవలన తేటపడెను. తల్లి ముక్కునుండి పిల్లకు చిన్ననాడే అంటుచున్నందున, ప్రయోగశాలలవారు కడకు చూలికుందేటి కడుపు కోసి పిల్లలను వెలికితీసి, తల్లి ఊపిరి తగులకుండ వేఱుగా పెంచి, రోగరహితమైన మందలను నిర్మించుకొనిరి. టీకా చేయలేని పనిని గోడలతోను, జల్లెడపట్టిన గాలితోను సాధించిరన్నమాట.

టీకా యేల చేయలేకపోయెను? ఈ సూక్ష్మజీవికి పైపొరనుబట్టి ఐదు తెగలు, లోపలి నిర్మాణమునుబట్టి 16 రకములు కలవు. ఒకదానికై చేసిన టీకా మఱియొకదానిని ఆపునన్న నిశ్చయము లేదు. అంతకన్న పెద్ద చిక్కు, సూదిమందు పుట్టించు రక్షణ ముఖ్యముగా రక్తమున సంచరించునుగాని నాసికాకుహరముల తడిపొరపై దాని ప్రభావము మిక్కిలి తక్కువ. ఇందుకే 1980వ దశాబ్దమున కొందఱు, స్ట్రెప్టోమైసిన్ లేనిచో వృద్ధిపొందలేని సజీవ సూక్ష్మజీవులను తయారుచేసి, కుందేళ్ళ ముక్కులలోనే చుక్కలుగా వేసి చూచిరి. ఆ ప్రయత్నము ఉత్తమమైనది. అయినను పెంపుడు కుందేలుగలవారందఱు నమ్మి వేయింపదగిన టీకాగా అది స్థిరపడలేదు.

ఇదే జీవి మన తెలుగునాట మఱియొక రూపమున సుపరిచితము. తొలకరి వానలలో గేదెలకు హఠాత్తుగా జ్వరము వచ్చి, గొంతు వాచి, గురకపెట్టుచు ఒక్క దినములో కూలిపోవు గొంతువాపు వ్యాధికి కారణము ఈ పాశ్చురెల్లాలోని వేఱొక తెగయే. దానికి టీకా కలదు. వర్షాకాలమునకు ముందే పశువైద్యులు ఊరూర తిరిగి దానిని వేయుదురు. అది వేలకొలది పాడిపశువులను కాపాడినది. కారణము తేటయే. గొంతువాపు రక్తమున చెలరేగు వ్యాధి గనుక, రక్తమునందలి రక్షణ దాని కెదురు నిలువగలదు. కుందేటి ముక్కున దాగిన శత్రువును ఆ రక్షణ చాలవఱకు చేరదు.

కొన్ని విదేశములలో ఇంట పెరుగు కుందేళ్ళకు నేడు క్రమముగా వేయించు టీకాలు వేఱు రెండు వ్యాధులకు సంబంధించినవి. ఒకటి 1896లో ఉరుగ్వే రాజధానియగు మాంటివిడియోలో సనరెల్లి అను శాస్త్రజ్ఞుడు గుర్తించిన మిక్సోమటోసిస్. రెండవది 1984లో చైనాలో బయల్పడిన రక్తస్రావ వ్యాధి. రెండును వైరసులవలన కలుగునవి. వీని టీకా వేయించి, కుందేటి తుమ్ములకు కూడ రక్ష కలిగినదని నమ్మి, తుమ్ము వినబడినను పశువైద్యుని యొద్దకు పోక ఆలసించుట ప్రమాదకరము.

కుందేళ్ళను పెంచు పాఠకులకు నా మనవి యిది: క్రొత్తగా తెచ్చిన కుందేటిని కొన్ని వారములపాటు పాతవానితో కలపక వేఱు గదిలో నుంచుడు. గూటిలోని తడి గడ్డిని ప్రతిదినము తీసివేయుడు. మూత్రమునుండి లేచు ఘాటు మీ ముక్కునకు సోకినదనగా, నేలకు దగ్గరగా మసలు దాని ముక్కు అంతకుముందే నొచ్చియుండును. గాలి ఆడనిండు, ఈదురుగాలి తగులనీయకుడు. వారమున కొకమారైనను దాని ముందరి కాళ్ళను త్రిప్పి లోపలి బొచ్చును పరీక్షింపుడు.